పాఠంలో లేని గెడ్డ

ప్రకృతి తల్లి వంటిదని పెద్దలన్నారు. తల్లికి కోపం రాదని మాత్రం ఎవరూ అనలేదు. ఆ కోపం ఎటునుంచి, ఏ గుర్తుతో వస్తుందో హైస్కూలు పిల్లలకు చెప్పవలసిన బాధ్యత బడికి లేదా అన్నదే నా ప్రశ్న.

మాది అనంతగిరి మండలం. చోళ్లు, సామలు, వలిసెలు, కాస్త కాఫీ తోట, అదీ మా యింటి వ్యవసాయం. నేను చదివిన హైస్కూలు పేరు యిక్కడ అనవసరం. అక్కడ ప్రకృతి వైపరీత్యాల పాఠం ఒకే ఒక్క పీరియడ్‌లో అయిపోయింది. రిక్టరు స్కేలు అంటే ఏమిటి, సునామీ ఏ భాషాపదం, అన్నీ రెండు మార్కుల ప్రశ్నలు. అందరం రాశాం, అందరికీ మార్కులొచ్చాయి. ఆ తరగతి కిటికీలోంచి కనపడే కొండ గురించి గాని, పిల్లలు దాటివచ్చే గెడ్డ గురించి గాని ఒక్క మాట లేదు. తప్పు మాస్టారిదని నేననను. సిలబస్ అయిందా, ఎంతమంది పాసయ్యారు అని అడిగేవాళ్లు వున్నారు గాని, గెడ్డ పొంగితే మీ పిల్లలేం చేస్తారని ఆయన్ని అడిగినవారు లేరు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. ముప్పు వేరు, విపత్తు వేరు. మనుషులు లేని అడవిలో కొండచరియ జారితే అది ప్రకృతిలో జరిగిన ఒక సంఘటన. దాని కింద వూరుండి, ఆ వూరికి ముందుగా తెలియకపోతే అది విపత్తు. వానను ఆపలేం. వూరికి తెలియజెయ్యడం మాత్రం మనుషులు చెయ్యగల పనే.

తుపాను అంటే సముద్రపొడ్డు వాళ్ల గొడవ అనుకునేవారు మా వైపు. దివిసీమ ఉప్పెన (1977 నవంబరు 19) గురించి విన్నా అది వేరే లోకం కథలాగే విన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి మా కొండలెక్కింది. నేనప్పుడు చిన్నవాణ్ణి. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు విరిగి ఆ కాఫీ మొక్కల మీదే పడ్డాయి. నీడచెట్టు మళ్లీ ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో రైతుబిడ్డకు చెప్పనక్కర్లేదు.

అసలు సంగతి కొండచరియలది. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా వుండే రాయిని ఖోండలైటు అంటారు. ఆ పేరు వచ్చింది కోందు గిరిజనుల పేరు మీదనే. రాయికి మావాళ్ల పేరు పెట్టారు గాని, ఆ రాయి ఎలా కుళ్లుతుందో మావాళ్ల పిల్లలకు చెప్పలేదు! ఎన్నో వేల ఏళ్ల ఎండకీ వానకీ యీ రాయి మెత్తబడి మట్టిగా మారుతుంది. పైన మట్టి, అడుగున గట్టి రాయి. రోజుల తరబడి వాన కురిస్తే మట్టి రేణువుల మధ్య నీరు నిండి, ఆ నీటి ఒత్తిడికి వాటి పట్టు సడలుతుంది. బరువా, పెరుగుతుంది. చెట్ల వేళ్లున్నచోట కొంత ఆగుతుంది. రోడ్డు కోసం కొండ పాదం తొలిచినచోట ఆగడం కష్టం. 2024 సెప్టెంబరు వానలకు మన జిల్లాలోనే గూడెం కొత్తవీధి మండలంలో కొండ జారి యిళ్ల మీద పడింది. అంతకు కొద్దివారాల ముందే, జులై 30 తెల్లవారుజామున, కేరళలోని వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల వూళ్లు నిద్రలోనే మట్టిపాలయ్యాయి. 200 మందికి పైగా చనిపోయారు. వెళ్లార్‌మల హైస్కూలు కూడా ఆ వరదబురదలో దెబ్బతింది.

కొండ చెప్పాపెట్టకుండా జారదు, చాలాసార్లు గుర్తులిస్తుంది. వాలు మీద కొత్త బీటలు, ఒక పక్కకు ఒరిగిన చెట్లు, తేటగా వుండే ఊటనీరు హఠాత్తుగా మట్టిరంగు తిరగడం, వాన పడుతూనే వుండగా గెడ్డలో నీరు తగ్గిపోవడం. యీ ఆఖరిది మరీ ప్రమాదం. పైన ఎక్కడో మట్టీ మానులూ అడ్డంపడి నీరు నిలిచిపోయిందని, అది ఏ క్షణాన్నయినా తెగవచ్చునని అర్థం. తెలియనివాడు నీరు తగ్గింది గదా అని అప్పుడే గెడ్డలో దిగుతాడు. తొమ్మిదో తరగతి కుర్రాడికి యిదంతా చెప్పడానికి అరగంట చాలు.

పిడుగు సంగతి అంతే. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లయితే పిడుగు సుమారు కిలోమీటరు దూరంలో వున్నట్టు. ధ్వనివేగం లెక్క ఫిజిక్సులో చదువుతాం, పొలంలో మాత్రం చింతచెట్టు కిందకి పరుగెత్తుతాం. ఉరిమితే అర్జునుడి పేర్లు చదువుకోవడం మనకు అలవాటే. చదువుకోండి, కాదనను, చెట్టు కింద నిలబడి మాత్రం వద్దు. పిడుగు పడేచోటును రాష్ట్ర విపత్తుల సంస్థ సెల్‌ఫోన్లకు ముందే పంపుతోంది. సిగ్నలు అందని వూళ్లకు ఆ మెసేజి ఎవరు మోసుకెళ్తారు?

ఇంకో మాట. మా మండలం గుండా కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పోతుంది. ఆ లైనులో 58 సొరంగాలు. వానాకాలంలో పట్టాల మీద బండలు పడతాయని రైల్వేవాళ్లు మనుషుల్ని పెట్టి రాత్రిపూట కూడా గస్తీ తిప్పుతారు. మంచిదే. కాని యినుప రాయి పోయే దారికి కాపలా వుండి, పిల్లలు బడికిపోయే దారికి లేకపోవడం నాకు మింగుడు పడదు.

చిన్నపిల్లలకు యివన్నీ చెప్పి భయపెట్టడమెందుకు అంటారు కొందరు లెక్చరర్లు. జపాన్‌లో కమైషి అనే వూళ్లో బడిపిల్లలకు ఏళ్ల తరబడి నేర్పారు. 2011 మార్చి 11న సునామీ వచ్చినప్పుడు హైస్కూలు వయసు పిల్లలే ముందు పరుగెత్తి, చిన్న తరగతుల పిల్లల చేతులు పట్టుకుని మెరకకు చేర్చారు. ఆ రోజు బడికి వచ్చిన దాదాపు 3000 మందీ బతికారు. అంత చదువు కూడా లేని చోట ఇండోనేషియాలోని సిమెయులు దీవివాళ్లు 1907 నాటి సునామీని కథగా, పాటగా పిల్లలకు చెప్పుకుంటూ వచ్చారు. 2004 డిసెంబరు 26న సుమారు 78,000 మంది వున్న ఆ దీవిలో పోయినవారు ఏడుగురే. మా అవ్వలకూ తాతలకూ ఏ గెడ్డ ఏ వానకి పొంగుతుందో తెలుసు. కాని మా పిల్లలు చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాల హాస్టళ్లకు పోతారు. తాత మాట వినే వయసులో తాత దగ్గర వుండరు, వున్నచోట ఆ మాట పాఠంలో లేదు.

అందుచేత విద్యాశాఖవారికి అర్జీ పెట్టి వూరుకోకుండా మన యూనియన్ ఒక పని చెయ్యాలని కోరుతున్నాను. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులంటే వారం రోజులు వీధులూడ్చి, ఫోటో దిగి వస్తున్నాం. వూడ్చిన వీధి మర్నాటికి మామూలే. ఈసారి ఆ వారం ఒక కొండ హైస్కూల్లో గడుపుదాం. జియాలజీ మిత్రులు వాలు చూపించాలి, ఫిజిక్సు వాళ్లం పిడుగు లెక్క చెబుతాం. సమమైన గోడలున్న ఒక డబ్బా, ఒక స్కేలు వుంటే వానను మిల్లీమీటర్లలో కొలవవచ్చు. ఆ అంకె రోజూ బ్లాక్‌బోర్డు మూల రాసే పని పిల్లలదే. వూరి పెద్దల్ని బడికి పిలిచి, వాళ్లు చెబుతుంటే పిల్లల చేత గెడ్డలు, జారిన చోట్లు, మెరక చోట్లు గుర్తించి వూరి పటం గీయిద్దాం.

మా మండలానికి వస్తామంటే బసా భోజనం నేను చూసుకుంటాను. చోడి అంబలి తాగడం మాత్రం ముందే అలవాటు చేసుకుని రండి.