చౌడు మడులకు సీసాలోని వరి ఒక్కటే చాలదు

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద మెట్ట చేలు మాగాణి అయినవి, సంతోషమే. కాని మురుగు పోయే దారి లేని పల్లపు మడులు కొన్ని చౌడు బారినవి. నాటిన నారు కొసలు ఎండి, కుదుళ్లు నడుమ నడుమ చచ్చి, మడి బట్టతలలా కనిపిస్తుంది. పెట్టుబడి మాత్రం మంచి మడికి పెట్టినంత పెట్టవలసిందే!

దీనికి టిష్యూ కల్చర్ వరి వస్తే చాలునని కొందరి ఆశ. వరి గింజ నుండి పెంచిన కణాల ముద్దను సీసాలో ఉంచి, ఆహారంలో ఉప్పు కలుపుతారు. చాలా కణాలు చస్తాయి. బతికిన వాటి నుండి మొక్కలు తీస్తారు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జి.ఎం.రెడ్డి, పి.బి.కవికిషోర్ 1980వ దశకంలోనే వరి కణాలపై ఈ పని చేశారు. ఫిలిప్పీన్స్‌లో పుప్పొడి తిత్తుల నుండి పెంచిన ఉప్పు నేలల వరి 1995లో రైతులకు విడుదలైంది కూడా. కనుక ఇది వట్టి మాట కాదు.

అయితే సీసాలో ఉప్పుకు ఓర్చిన కణం మడిలో పంటగా ఓర్చుతుందన్న హామీ లేదు. మొక్కకు వేరున్నది, ఆకున్నది, ఈనే దశ ఉన్నది. వేరు ఉప్పును అడ్డుకోవాలి, లోపలికి వచ్చినదాన్ని ముదురాకుల్లో దాచి లేతాకులను కాపాడుకోవాలి. కణాల ముద్దకు ఈ విద్యలేవీ లేవు. పైగా చౌడు అంతా ఒక్కటి కాదు. పాలచౌడులో ఉప్పు పేరుకుంటుంది, మంచినీరు నిలగట్టి మురుగు తీస్తే తగ్గుతుంది. కారుచౌడులో సోడియం మట్టినే బిగదీస్తుంది. దానికి జిప్సం, జీలుగ కావాలి. ఉప్పునీటి సీసాలో గెలిచిన వరి కారుచౌడులో ఓడిపోవచ్చు. కర్నాల్ పరిశోధనా సంస్థవారి సి.ఎస్.ఆర్.36 వంటి చౌడు వరి రకాలు మామూలు సంకరణంతో వచ్చినవే, ఇది కూడా గుర్తుంచుకోవాలి.

జగిత్యాల సన్నాలు ఇచ్చిన పొలాస పరిశోధనా స్థానం మనకు దగ్గరలోనే ఉన్నది. సీసాలో పుట్టినదైనా, సంకరణంతో వచ్చినదైనా, చౌడు వరిని స్టేషన్ మంచి మడిలో కాక, కాలువ చివరి రైతు చౌడు మడిలో, మట్టి పరీక్ష చేసి మరీ రెండు మూడు పంటలు వేసి చూపాలి. జిప్సం నాట్లు అయ్యాక కాదు, ఎండాకాలంలోనే అందాలి. అంతకు ముందు, తుంగతో పూడిన మురుగు కాలువలను అధికారులు ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుంది.