ఊబకాయం మీద పన్ను ముందా, పళ్లెంలో జొన్నరొట్టె ముందా?



ఊబకాయం అనంగానే "అది పట్నపోళ్ల రోగం, మనకేంది" అంటరు మనోళ్లు. లెక్కలు అట్ల చెప్తలేవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 30 మంది ఆడవాళ్లు, 32 మంది మగవాళ్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో అయిదేండ్లలోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. ఒకే రాష్ట్రంల అటు కొవ్వు, ఇటు బక్కతనం. రెండింటి వెనుకా ఉన్నది కడుపు నింపేదే తప్ప బలమియ్యని తిండి.

మరి సర్కారు ముందున్న దారులేంటి?

మొదటిది పన్ను. మెక్సికో 2014లో తీపి డ్రింకుల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేస్తే కొనేది తగ్గింది. మన దగ్గర 2025 సెప్టెంబర్ 22 నుంచి కూల్ డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. పాత పన్ను, సెస్సు కలిపినా అంతే ఉండె. కానీ అదే రోజు బిస్కెట్లు, చాక్లెట్లు, ప్యాకెట్ మిక్చర్ల మీద 5 శాతానికి దించిండ్రు. ఒక చేత్తో ఆపి ఇంకో చేత్తో పిలిచినట్టు కాదా? పన్నుకు మేము వ్యతిరేకం కాదు. కానీ చవకగా మంచి తిండి దొరకనియ్యకుండ ఉత్త పన్నే వేస్తే భారం కూలోళ్ల మీదనే పడుతది.

రెండోది గుర్తు. చిలీ 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల ముందర నల్ల గుర్తు వేయిస్తుంది. మన ప్యాకెట్ల వెనుక చీమతలంత అక్షరాలను తండాల అవ్వ ఎట్ల చదువుతది? గుర్తయితే చదువు రానోళ్లకూ తెలుస్తది. ఇది రావాలె.

మూడోది బడి చుట్టూ కట్టడి. 2020 నియమాల ప్రకారం బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల అసుంటి తిండి అమ్మొద్దు. అయితే కొట్టు నడిపేటోళ్లూ పేదోళ్లే. వాళ్ల పొట్ట కొట్టకుండ ఉడకబెట్టిన పల్లీలు, పల్లీపట్టి, జామకాయలు అమ్ముకునేటట్టు సాయం చేయాలె.

నాలుగోది, మా దృష్టిలో అసలైంది, సర్కారు తానే పెట్టే తిండి. 2025 ఉగాది నుంచి రేషన్‌ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, సంతోషం. కానీ మన ఉప్పునుంతల దిక్కు పెద్దలు బతికింది జొన్నరొట్టె, రాగి అంబలి మీద. ఆ చేన్లల్ల ఇప్పుడు పత్తి, వరి. 2024లో హాస్టల్ డైట్ చార్జీలు 40 శాతం పెంచిండ్రు. ఇంటర్, ఆపై చదివేటోళ్లకు నెలకు 1500 నుంచి 2100 రూపాయలైంది. ఆ పైసలతోని జొన్నలు, రాగులు మన రైతుల దగ్గరనే కొంటే పిల్లలకు బలం, చేనుకు గిరాకీ. ఉట్నూరుల ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నప్పుడు మన దగ్గర ఎందుకు కాదు?

అందుకే మన డిమాండ్లు మూడు: హాస్టల్ల వారానికి మూడు పూటలు చిరుధాన్యాలు, రేషన్‌ల జొన్నలు తీసుకునే వీలు, ప్రతి గిరిజన హాస్టల్‌కు ఆటస్థలం. మీ హాస్టల్ల ఏం పెడుతున్నరో రాసి పెట్టండి. ఆ లెక్క పట్టుకొని అందరం కలిసి వినతిపత్రం ఇద్దాం.