సీటుకి ర్యాంకు చాలు, చదువుకి కథ కావాలి

అమెరికాలో మెడిసిన్‌కి దరఖాస్తు పెట్టే తెలుగు పిల్లలు తమ గురించి 5,300 అక్షరాలు దాటకుండా ఒక వ్యాసం రాయాలి. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారో, ఎలాంటి జీవితం నుంచి వచ్చారో అందులో చెప్పుకుంటారు. 2023 జూన్ 29న అక్కడి సుప్రీంకోర్టు జాతిని బట్టి సీట్లివ్వడాన్ని కొట్టేసింది. అయితే జాతి తన బతుకు మీద ఎలాంటి ప్రభావం చూపిందో అభ్యర్థి రాస్తే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చంది. దాంతో ఆ వ్యాసానికి బరువు పెరిగింది. హైదరాబాద్ పాతబస్తీలో నీట్‌కి చదివే అమ్మాయిని మాత్రం నువ్వెవరని ఎవరూ అడగరు. 180 ప్రశ్నలు, 720 మార్కులు, అంతే. మన దగ్గర కూడా అలా అడిగితే బాగుండునని అనిపించడం సహజం. అడగాల్సిందే, కానీ సీటు ఇచ్చాక.

కౌన్సెలింగ్ ఫైలు తెరిచి చూడండి. ర్యాంకు కార్డు, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం. స్థానికతకు ఆ నాలుగేళ్ల చదువును ప్రమాణంగా తీసుకున్న తెలంగాణ నిబంధనను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సమర్థించింది. 2007 నాటి చట్టం బీసీ-ఈ కింద వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం కేటాయించింది. అందులో సయ్యద్‌లు, పఠాన్లు, మొఘల్‌లు, అరబ్బులు లేరు. నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసులు నేటికీ హైదరాబాద్‌లోని బార్కాస్‌లో ఉన్నారు. వాళ్ల ఇంటి పిల్లాడి పేదరికం గురించి కుల ధ్రువపత్రం ఏమీ చెప్పదు. అయినా కాగితం వేరు, మనిషి కథ వేరు. రిజర్వేషన్ హక్కు. దాన్ని కాగితం చూపించి తీసుకోవాలి గానీ కష్టాలు ఏకరువు పెట్టి కాదు.

ర్యాంకు జ్ఞాపకశక్తినీ వేగాన్నీ కొలుస్తుంది, కరుణను కొలవదు అంటారు. నిజమే. అయితే వ్యాసం కొలుస్తుందా? బ్రిటన్‌లో విశ్వవిద్యాలయ దరఖాస్తుల్లో ఏళ్ల తరబడి నడిచిన స్వేచ్ఛా వ్యాసాన్ని 2026 ప్రవేశాల నుంచి మూడు నిర్దిష్ట ప్రశ్నలుగా మార్చారు. సాయం చేసేవాళ్లున్న పిల్లలకే పాత పద్ధతి కలిసొస్తోందన్నది అందుకు ఒక ప్రధాన కారణం. మన దగ్గర పెడితే ఏడాది తిరగకుండా కోచింగ్ సెంటర్లు కన్నీటి కథలకు రేటు కడతాయి. 2024లో నీట్ పేపర్ లీకై దేశమంతా గగ్గోలు పుట్టింది. కీ ఉన్న పరీక్ష మీదే నమ్మకం సడలితే, ఎవరి అభిరుచిని బట్టి వాళ్లు మార్కులేసే వ్యాసాన్ని ఎవరు నమ్ముతారు? ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలకు 2018 నుంచి నీట్ ఉర్దూలో రాసే వీలుంది. ఇంగ్లిష్ వ్యాసం అడిగితే ఆ కాస్త వెసులుబాటూ పోతుంది.

సీటు వచ్చాక పరిస్థితి వేరు. 2019లో తెచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ఫౌండేషన్ కోర్సు ఉంది, రోగితో మాట్లాడే తీరునీ నైతికతనూ నేర్పే ఏఈటీకామ్ ఉంది. మార్కుల్లేని ఫౌండేషన్ కోర్సు తొలి రోజుల్లోనే విద్యార్థుల చేత తమ కథను తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లలో నచ్చిన భాషలో రాయించాలి. ఉస్మానియా మెడికల్ కాలేజీ విద్యార్థులు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో పాతబస్తీ రోగులను చూస్తూ నేర్చుకుంటారు. రంజాన్ నెలలో షుగర్ రోగి సహరీకి తిని ఇఫ్తార్ దాకా ఉపవాసం ఉంటే ఇన్సులిన్ వేళలూ మోతాదూ మారాలి. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏం తింటారో పాతబస్తీలోని యాకుత్‌పురా పిల్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు ఎముకల్ని ఏం చేస్తాయో నల్గొండ పిల్లాడు సొంత ఊళ్లోనే చూసి ఉంటాడు. పక్కపక్కన కూర్చునే ఈ ఇద్దరూ ఒకరి అనుభవం ఒకరు చదివితే, రోగిని అడగాల్సిన ప్రశ్నలు పుస్తకం కన్నా ముందే తెలుస్తాయి.

ఇదీ మొక్కుబడి తంతుగా మారదా అంటే, టీచర్లు చదవకుండా బీరువాలో పడేస్తే తప్పకుండా మారుతుంది. మతం, కులం బయటపెట్టి పిల్లల్ని వేరు చేయడం కాదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. అందుకే ఏం చెప్పాలో, ఏం దాచుకోవాలో విద్యార్థికే వదిలేయాలి. పేరు లేకుండా రాసే వీలుండాలి. దానికి మార్కులు వేయకూడదు, ఫైల్లో చేర్చకూడదు. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చే బ్యాచ్ నుంచే దీన్ని మొదలుపెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న టైంటేబుల్లో ఒక్క పూట కేటాయిస్తే చాలు.