తొలి ఆట నేర్పే పాఠం

వానాకాలం పంట అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత తీసి, కొడుకును చైతన్యపురి హాస్టల్లో చేర్చి వచ్చే తండ్రులు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్‌బీనగర్ దాకా ఎటు చూసినా కోచింగు సెంటర్లు, కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లే. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్‌బీనగర్ దాకా వచ్చింది. రాకపోకలు సులువయ్యాయి. ఊరికి తిరిగొచ్చిన తండ్రి రాత్రి ఫోను చేసి ‘తిన్నవా బిడ్డా, చదువుకుంటున్నవా’ అని అడుగుతాడు. చివరకు ‘ఫోన్ల గేములు ఆడకు’ అని హెచ్చరిస్తాడు. హెచ్చరిక న్యాయమైనదే. కాని ఏ గేము ఆడరాదో, ఎందుకు ఆడరాదో చెప్పని హెచ్చరిక పిల్లవాడి చెవికెక్కదు.

ఆటలన్నీ ఒక్కటి కావని మన పల్లెలకు తెలియనిది కాదు. రచ్చబండ మీద పులి-మేక ఆడుతుంటే పెద్దలు పక్కన కూచుని ఎత్తులు చెప్పేవారు. అదే పిల్లలు చెట్టు చాటున చేరి డబ్బు పెట్టి పేకాడితే తరిమి కొట్టేవారు. రెండూ ఆటలే. అయినా తేడా తెలిసి మసలుకున్నారు. సెల్‌ఫోను చేతికొచ్చేసరికి మాత్రం ఆ విచక్షణ మరిచిపోయి, అన్నింటినీ ఒకే గాటన కడుతున్నాం.

మనిషి మొదట ఏ ఆటలో మునిగి తేలుతాడో, ఆట అంటే ఏమిటన్న అభిప్రాయం అక్కడే ఏర్పడుతుంది. 1990లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేములతో పెరిగిన వారిని అడిగి చూడండి. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1985లో తెచ్చిన సూపర్ మారియోలో గుంటలో పడితే మళ్లీ మొదలుపెట్టాలి. పడ్డచోటే పదిసార్లు పడి, పదకొండోసారి దాటాలి. ఓడితే పోయే పైస లేదు. ఆటకు ఒక ముగింపు ఉంది. అన్న ఆడుతుంటే తమ్ముడు వంతు కోసం కాచుకునేవాడు. ఆ తరానికి ఆటంటే ఓపిక, మళ్లీ ప్రయత్నం.

2018లో వచ్చిన పబ్‌జీ మొబైల్ మరో తరాన్ని తయారుచేసింది. నలుగురు మిత్రులు నాలుగు ఊళ్ల నుంచి ఒకే జట్టుగా ఆడవచ్చు. ఆ స్నేహం నిజమే. కాని ఒక ఆట ముగియగానే మరొకటి సిద్ధం. ఎక్కడ ఆపాలో చెప్పేవారు లేరు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. 2021లో ఆ ఆటే పేరు మార్చుకుని తిరిగి వచ్చింది.

అన్నింటికంటే ప్రమాదం మూడో దారిది. చేతికి ఫోను రాగానే మొదటి ఆటగా పందెం రమ్మీయో, క్రికెట్ బెట్టింగో తగిలిన కుర్రవాని సంగతి ఆలోచించండి. చేరగానే కొంత బోనస్ ఇస్తారు. నాలుగు రూపాయలు గెలిపిస్తారు. ఆపై పోయిన దాన్ని రాబట్టుకోవాలని ఇంకొంత, దానికోసం అప్పు. డబ్బు లేని ఆట అతనికి ఉప్పు లేని పప్పులా చప్పగా తోస్తుంది. ఇక్కడ చెడేది ఒక్క జేబు కాదు, ఆట మీద దృష్టే చెడిపోతుంది.

ఈ తేడాను చట్టం గుర్తించింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ ప్రభుత్వం 2017లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనతో నిమిత్తం లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి మాత్రం శిక్ష పెట్టలేదు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించడం గమనార్హం.

అందుకు తార్కాణం దూరాన లేదు. వరంగల్ యువకుడు అర్జున్ ఇరిగైసి 2024 డిసెంబరులో చదరంగం రేటింగులో 2800 దాటాడు. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో చదరంగాన్ని తెర మీదే ఆడించారు. అందులో అతడు నాలుగో స్థానంలో నిలిచాడు. తెర అదే. దాని మీద ఏమి ఆడుతున్నామన్నదే అసలు ప్రశ్న.

మంచి ఆటైనా మితిమీరితే కీడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఆడటమే రోగమని ఆ సంస్థ అనలేదు. అదుపు తప్పి, మిగతా పనులన్నీ వెనకబడి, నష్టం కనపడుతున్నా మానలేని స్థితి సాధారణంగా ఏడాది పాటు సాగితేనే దాన్ని రుగ్మత అంది.

కనుక తలిదండ్రులు చేయవలసింది చిన్న పనే. ఫోను కొనిచ్చిన నాడే పక్కన కూచుని, తొలి ఆట ఏదో తామే చూడాలి. హాస్టల్‌కు ఫోను చేసినప్పుడు ‘ఆడకు’ అని ఊరుకోక, ‘ఏం ఆడుతున్నవు, అందుల పైసలున్నయా’ అని అడగాలి. నిజం చెప్పిన బిడ్డను కొట్టరాదు. కొడితే రెండోసారి చెప్పడు. మోసపోయి డబ్బు పోతే సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. పాఠశాలల్లో పులి-మేకకు, చదరంగానికి వారానికొక గంట కేటాయిస్తే ఖర్చేమీ కాదు. ఓడితే నేర్చుకోవాలే తప్ప అప్పు చేయరాదని తొలి ఆటలోనే తెలిసిన పిల్లవాణ్ణి చైతన్యపురికి పంపినా, మరెక్కడికి పంపినా తండ్రి నిశ్చింతగా నిద్రపోవచ్చు.