సందు పూడ్చండి, గాలిదారి కాదు!

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నిజమే. కానీ అలకకుండా ఏ ఇంటికైనా పండగ వచ్చిందా? గోడకు జాజు, గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు... ఇవన్నీ మనకు పండగ పనులుగానే గుర్తుంటాయి. వాటి మాటున జరిగే అసలు పని మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. వానలకు నానిన ఇంటిని చలికాలానికి సిద్ధం చేయడమే ఆ పని. అది చేసేది ఎక్కువగా ఆడవాళ్లే.

గార్ల, బయ్యారం, డోర్నకల్ వైపు మంచు కురవదు. నీళ్లు గడ్డకట్టవు. అందుకే "మనకు చలేంటి? నాలుగు రోజులు ఓర్చుకుంటే శివరాత్రికి శివశివా అంటూ అదే పోతుంది" అని తేలిగ్గా తీసేస్తాం. మరి ఓర్చుకునేదెవరు? కోడి కూయకముందే చన్నీళ్లలో చేతులు పెట్టేదెవరు? ఇంట్లో ఉన్నది ఒక్కటే మంచమైతే నేలమీద చాప పరుచుకునేదెవరు? 2016లో గార్ల ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గానీ ఇంట్లో పని పంపకం మారలేదు!

ఈ ప్రాంతంలో చలి వాన వెనకాలే వస్తుంది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు, మున్నేరు పొంగాయి. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. 2025 అక్టోబరు ఆఖర్లో మొంథా తుపాను మళ్లీ ముంచింది. పట్టాలు కొద్దిరోజుల్లో బాగుపడ్డాయి, రైళ్లు తిరిగాయి. నీళ్లు తాగిన మట్టిగోడ మాత్రం అంత త్వరగా ఆరదు. ఆరని గోడల మధ్య తలుపులన్నీ బిగించుకుని పడుకుంటే గోడకు బూజు, పిల్లలకు దగ్గు. కాబట్టి మొదటి పని గోడ ఆరబెట్టడం. ఎండ కాసే వేళ తలుపులు, కిటికీలు బార్లా తీయండి. గోడవారన పెట్టిన బస్తాలు, పెట్టెలు జానెడు ఇవతలికి జరపండి.

ఆరిన తర్వాతే పగుళ్ల సంగతి. మట్టిగోడ పగిలితే సిమెంటు తెచ్చి మెత్తడం చాలామంది చేసే పని. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కానీ గోడలోని తేమ బయటికి రాలేక లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకు సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది. మట్టిగోడకు మట్టే మందు. ఎర్రమట్టిలో సన్నగా తరిగిన వరిగడ్డి, కాస్త పేడ కలిపి ఒక రాత్రి నానబెట్టండి. పగులును తడిపి, లోపలిదాకా కూరి, తాపీతో సాపు చేయండి. పైన సున్నం వేస్తే గోడ ఊపిరి పీల్చుకుంటుంది. తాపీ పట్టడానికి మగవాడే కానక్కర్లేదు. చపాతీ సమంగా ఒత్తే చేతికి అదేమంత కష్టం?

తలుపు కింది సందులోంచి చలిగాలి ఒక్కటే కాదు, తేలూ పామూ కూడా వస్తాయి. పాత చీర ముక్కను గొట్టంలా కుట్టి, ఊక నింపి, రాత్రిపూట అక్కడ అడ్డం పెట్టండి. రేకుల ఇల్లయితే రాత్రికి రేకు ఇట్టే చల్లబడుతుంది. దాని కింద జానెడు ఎడంగా వెదురు తడక కడితే చాలా తేడా ఉంటుంది. పొయ్యి ఉన్నచోట మాత్రం కట్టకండి, నిప్పుతో ప్రమాదం. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని కోయడం, గీకడం వద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఇక నేలమీద పడుకునేవాళ్లకు చాప కింద ఎండుగడ్డి, చాప మీద బొంత. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టే మన బొంతకు బజారు రగ్గు సాటి రాదు.

ఇంతవరకు చెప్పింది చలి సంగతి. ప్రాణాల సంగతి ఇంకోటుంది.

ఇది బొగ్గు సీమ. పక్కనున్న ఇల్లెందులో 1889లోనే బొగ్గు తవ్వకం మొదలైంది. బొగ్గులైనా కట్టె నిప్పులైనా కుంపట్లో వేసి గదిలో పెట్టుకోవడం మనకు అలవాటు. ముఖ్యంగా బాలింత గదిలో! గాలి తగలకూడదని కిటికీ మూసి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం పక్కన నిప్పుల కుంపటి పెడతారు. ప్రేమతో చేసే పనే. కానీ మూసిన గదిలో నిప్పు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, వికారం, తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. పొగ రావడం లేదు కదా అనుకోవద్దు. ఎర్రగా కణకణలాడే నిప్పులు పొగ లేకుండానే ఈ విషాన్ని వదులుతాయి.

పెద్దలు పెట్టిన ఆచారాన్ని కాదంటారా అని అడగొచ్చు. పెద్దల కాలంలో పెంకుల సందుల్లోంచి, తాటాకుల్లోంచి గాలి ఆడేది. ఇప్పుడు మనం శ్లాబు వేశాం, సందులన్నీ పూడ్చాం. ఇల్లు మారినప్పుడు ఆచారమూ మారాలి కదా! కుంపటి వాకిట్లోనే ఉండాలి. గోడ పైభాగంలో ఉన్న వెంటిలేటరును ఎంత చలైనా మూయకూడదు. పడుకున్న ఎత్తున ఉన్న సందులు పూడ్చండి, తలపైన గాలిదారి వదలండి. పసిబిడ్డకు టోపీ, మేజోళ్లు, తల్లి ఒంటి వెచ్చదనం ఏ కుంపటికన్నా మేలు. మూసిన గదిలో ఎవరైనా సొమ్మసిల్లితే ముందు ఆరుబయటికి తెచ్చి, వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఇదంతా తెలిసినా చేయలేని ఇళ్లున్నాయి. ఎందుకంటే వెదురు తడక కొనాలన్నా, పగిలిన రేకు మార్చాలన్నా డబ్బు తీసేది ఆమె కాదు. మిర్చి అమ్మిన డబ్బులో బండి వాయిదాకు చోటుంటుంది, ఎరువుల బాకీకి చోటుంటుంది. ఇంటి మరమ్మతుకు మాత్రం "వచ్చే ఏడు చూద్దాం"! ఆ ఏడు ఎప్పటికీ రాదు.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల రూపాయల సాయం, ఇల్లు మహిళ పేరిట ఇస్తున్నారు. సంతోషమే. కానీ కాగితం మీద పేరున్నంత మాత్రాన సరిపోతుందా? పొయ్యి ఎక్కడుండాలి, పొగ ఎటు పోవాలి, వెంటిలేటరు ఎంత ఉండాలి అన్న మాట ఆమెదై ఉండాలి. పునాది తీయకముందే ఆ మాట చెప్పండి. శ్లాబు పడ్డాక చెప్పి లాభం లేదు.

దసరాకు బట్టలు కొనడం ఎలా మానమో, దీపావళి దాటగానే ఇంటి మరమ్మతుకు కొంత డబ్బు పక్కన పెట్టడం కూడా అలాగే అలవాటు కావాలి. అది ఆమె చేతికే రావాలి. నిచ్చెన పట్టుకోవడానికి, మట్టి తొక్కడానికి ఇంట్లో మగవాళ్లూ కొడుకులూ రావాలి. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని ఏటేటా నిలబెడుతున్న మనిషిని కూడా ఒకసారి చూడమందాం!