నొప్పులా? ఆడవాళ్లకి మామూలేగా!

పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. జడ వేసుకుందామంటే చేతులు పైకి లేవవు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది. మూడేళ్లపాటు ఈ మాటలే నలుగురు డాక్టర్లకి చెప్పాను. ఒకాయన రక్తం తక్కువన్నాడు. ఒకాయన "మీరు మరీ ఎక్కువ ఆలోచిస్తారు మేడమ్" అన్నాడు. ఇంకొకాయన నన్ను వదిలేసి మా ఆయనకేసి తిరిగి "ఇంట్లో ఏమన్నా గొడవలా?" అని అడిగాడు. చివరికి కాళ్లకి నీరు పట్టి, మూత్రంలో నురగ కనిపించాక ఒక డాక్టరమ్మ పరీక్షలు చేయించి ఇది లూపస్ అంది. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. సోషియాలజీలో డాక్టరేటు ఉన్న నా మాటకే ఈ గతి పడితే, నాట్లు వేసే మనిషి మాట ఎవరు వింటారు?

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి శరీరం మీదే దాడి చెయ్యడం లూపస్. ఇది అంటురోగం కాదు. ఈ జబ్బు ఉన్న ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే. అదీ ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్లలోపు, అంటే ఇంటా బయటా చాకిరీ అంతా మీద పడే వయసులో వస్తుంది.

దీని ప్రతి గుర్తుకీ మన సమాజం ముందే ఒక సాకు సిద్ధం చేసి పెట్టింది. కీళ్లు వాచి, పొద్దున్నే బిగుసుకుపోతే వాతం. ఎండ తగలగానే రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రగా కందితే మంగు. నోట్లో నొప్పిలేని పుండ్లయితే వేడి చేసింది. జుట్టు ఊడితే నీళ్లు పడలేదు. వరసగా గర్భం పోతుంటే ఆమె జాతక దోషం. ఫిట్స్ వచ్చినా, మతి చెదిరినా గాలి సోకింది. ఏ ఒక్క గుర్తుతోనూ లూపస్ అని తేల్చలేం, నిజమే. కానీ ఇవి రెండు మూడు కలిసి వారాల తరబడి వదలకపోతే బీపీ చూడమనీ, మూత్రంలో ప్రొటీన్, రక్తకణాల లెక్క పరీక్షించమనీ గట్టిగా అడగాలి. ఆపైన ఏఎన్ఏ పరీక్ష ఉంది. అది పాజిటివ్ అయినంత మాత్రాన లూపస్ ఉన్నట్టు కాదు. దాన్ని మిగతా గుర్తులతో కలిపి చూడాలి.

ఇంత ఆలస్యం ఎందుకు జరుగుతోంది? ప్రభుత్వానికి స్త్రీ అంటే గర్భసంచి. కు.ని. ఆపరేషన్లూ, కాన్పులూ లెక్కపెడుతుంది, కీళ్లని లెక్కపెట్టదు. కటువుగా ఉన్నా ఇంకో మాట చెప్పాలి. మన సంస్థలూ అదే దారిలో నడిచాయి. నిధులు ఎటుంటే మన ఆరోగ్య శిబిరాలూ అటే వెళ్లాయి.

1950ల నుంచీ లూపస్‌కి వాడుతున్న మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. 2020లో అది కరోనాకి విరుగుడన్న ప్రచారంతో జనం ఎగబడి కొన్నారు. రోజూ అది మింగవలసిన మేము షాపుల చుట్టూ తిరిగాం. ఆ మందు కరోనాకి పనికిరాదని తర్వాత తేలింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో లూపస్ పేరు లేదు. డాక్టర్లేమో ఎండలోకి వెళ్లొద్దంటారు. ఎండలోకి వెళ్లకపోతే కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్న వైద్యానిది కాదు, హక్కులది.

అందుకే అడుగుతున్నాను. మూత్రం, రక్తం పరీక్షలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా జరగాలి. ఈ గుర్తులు ఆశా కార్యకర్తల శిక్షణలో చేరాలి. మందులు జీవితాంతం ఉచితంగా అందాలి. ఎండ పడని స్త్రీలకి నీడలో పని, పూర్తి కూలి ఇవ్వాలి. ఇవన్నీ సాధించేలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈసారి సంఘం మీటింగులో ఎవరైనా "ఒళ్లు నొప్పులక్కా" అంటే మనం కూడా "మామూలేలే" అనకుండా ఉండటం. "ఎన్నాళ్లనుంచి? ఇంకా ఏమేమి ఉన్నాయి?" అని కూచోబెట్టి అడుగుదాం. నన్ను మొదటి ఏడాదే ఎవరైనా అలా అడిగి ఉంటే!