“ఎవరి తాలూకమ్మా నువ్వు?”

మొన్న సాయంత్రం బుక్కపట్నం చెరువుకట్ట మీద నడుస్తుంటే మా వీధి అమ్మాయి ఒకతె పరుగెత్తుకుంటూ వచ్చి పట్టుకుంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది.

“అక్కా, నేను సినిమా ఎడిటింగు నేర్చుకుంటా. ఇంట్లో చెబితే మా అవ్వ ఏమనిందో తెలుసా? ‘సినిమా చూసేదానికి ధర్మవరం పోదువులే గానీ, తీసేదానికి ఆడపిల్ల పోతుందా?’ అనింది. నువ్వే చెప్పక్కా, పోవచ్చునా, వద్దా?”

పాఠకులారా! సినిమా కబుర్లు రాసి పొట్టపోసుకునే దాన్ని. ఏ హీరో ఏ చిత్రంలో ఉన్నాడో అడగండి, ఠక్కున చెబుతాను. ఈ ప్రశ్నకు మాత్రం నోరు పెగల్లేదు! నేను మొదటిసారి షూటింగుకి వెళ్లిన రోజు గుర్తొచ్చింది. ఒక ప్రొడక్షన్ మేనేజరు నన్ను ఎగాదిగా చూసి, “ఎవరి తాలూకమ్మా నువ్వు?” అన్నాడు. నా పక్కనున్న ఫోటోగ్రాఫరు కుర్రాణ్ణి మాత్రం “ఏ పత్రిక సార్?” అని మర్యాదగా అడిగాడు. రాయడానికి వెళ్లింది నేను, తోడు వచ్చింది అతను!

మరి మన పరిశ్రమలో ఆడవాళ్లు చెయ్యలేదా? ఎందుకు చెయ్యలేదూ! 1953లోనే భానుమతి ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తానే దర్శకత్వం వహించి తీశారు. మగవాడు తన మాటే నెగ్గాలంటే పట్టుదల అన్నారు. ఆవిడ అంటే పొగరన్నారు! 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ తీస్తే, సంగీతం పి.లీల సమకూర్చారు. 1973లో యద్దనపూడి నవలతో ‘మీనా’ తీసిన విజయనిర్మల నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కారు. సినిమా పాత్రికేయురాలైన బి.జయ 2003లో ‘చంటిగాడు’తో మెగాఫోన్ పట్టారు. 2011లో నందినీరెడ్డి ‘అలా మొదలైంది’ అన్నారు.

వినడానికి బాగుంది కదూ? కానీ ఇన్ని దశాబ్దాలకు ఈ పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టగలుగుతున్నామంటే, అది సంతోషమా, సిగ్గా?

పక్కనున్న కేరళలో హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చింది. వేధింపుల మాట అలా ఉంచండి, సెట్లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చోటు కూడా సరిగా లేవని అందులో రాశారు. అది చూసి, మన తెలుగు పరిశ్రమ మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన ఉపసంఘం నివేదికనూ బయటపెట్టమని సమంత బహిరంగంగానే కోరారు.

ఇదంతా ఆ అమ్మాయికి దాచకుండా చెప్పాను. “పో. పని బాగా నేర్చుకునే పో. జీతం ఎంతో కాగితం మీద రాయించుకో. పని పేరుతో రాత్రిపూట హోటలు గదికి రమ్మంటే, ఆ పని నీకొద్దు. ఎవరి తాలూకని అడిగితే, నా తాలూకే అని చెప్పు.”

ఇంటికి వెళ్లాక అవ్వ అంతా విని అడిగింది: “అయితే దీని పేరు తెర మీద పడుతుందా?”

“పడుతుందవ్వా.”

“ఎవురు చూస్తారు? అప్పటికి జనం ఇంకా లోపలికే వస్తాంటారు!”

నాకు జవాబు లేదు. మీ దగ్గరుంది. ఈసారి పేర్లు పడకముందే సీట్లో కూర్చోండి. కూర్పు, కెమెరా, దర్శకత్వం... ఆ వరసలో ఒక ఆడపేరు కనిపిస్తే హీరోకి వేసినట్టే ఓ ఈల వెయ్యండి!